నేను తాగిన గ్లాసు

యూనివర్సిటీలో చేరినాక నాకొచ్చిన మొదటి రీసెర్చ్ గ్రాంటు అది. బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడటానికి పుల్లలచెరువు దగ్గర ఒక పల్లెకు ఒక్కదాన్నే పోయినాను. సీసాలో నీళ్లు పట్టి, పరీక్ష మందు చుక్కలు వేస్తుంటే జనం చుట్టుముట్టినారు.

“మా నీళ్లల్లో ఏం కలుపుతాండావ్?” అని ఒకాయన నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. ఐడీ కార్డు చూపినా నమ్మలేదు. మనవరాలిని చంకనెత్తుకున్న ఒక అవ్వ బోరింగు కొట్టించి గ్లాసు నింపి, “ఏం కలపకుంటే తాగు తల్లీ” అన్నది.

సీసాలో నీళ్లు అప్పటికే పసుపురంగుకు తిరిగినాయి. అంటే ఫ్లోరైడ్ బాగా ఎక్కువ. అయినా ప్రాణభయంతో గటగటా తాగేసినాను.

“నీళ్లు మంచియే!” అని అవ్వ నవ్వి, అదే గ్లాసు మళ్లీ నింపి మనవరాలికి పట్టింది. నా రిపోర్టు కంటే ముందే, నేను తాగిన ఆ గ్లాసే వాళ్లకు సర్టిఫికెట్ అయింది.