అన్నీ ఒకే ఇంట్లో

ఎనభైల మొదట్లో నందిగామలో అద్దెగదిలో ఉంటూ, పల్లెల్లో జనం బతుకు ఎలా ఉందో కొలిచే సర్వేలో పనిచేశాను. స్టాటిస్టిక్స్ చదివాక దొరికిన మొదటి ఉద్యోగం. తిండి, ఆరోగ్యం, చదువు, ఇల్లు: ఒక్కోదాంట్లో ఊరి జనం మధ్య ఎంత తేడా ఉందో తేల్చాలి. తేడా ఎక్కువున్న ఊరికి నర్సమ్మనీ మందుల్నీ ఇస్తారని మా ఆఫీసరు చెప్పారు.

జగ్గయ్యపేట దగ్గర, సున్నపురాయి క్వారీ పక్కనున్న ఊళ్ళో ఒకామె ఉండేది. మొగుడు రాళ్ళు కొట్టీ కొట్టీ ఊపిరందక మంచం పట్టాడు. వానొస్తే గుడిసెలో తలదాచుకోను చోటుండదు. కూతురు బడి మానేసి తండ్రి దగ్గర కూర్చుంటేనే తల్లి కూలికి పోగలదు. ఆమె పోతేనే పొయ్యి వెలుగుతుంది.

"ఇయ్యన్నీ రాసుకుంటే ఏమన్నా చేస్తారా అమ్మాయిగారూ?" అంది.

"చేస్తారనే అనుకుంటున్నా అక్కా."

వత్సవాయి వైపు ఇంకో ఊరు చూశాం. అక్కడా దాదాపు అన్నే గుడిసెలున్నాయి, అంతమందే రోగులున్నారు, అంతమందే బడి మానేసిన పిల్లలున్నారు. కానీ గుడిసెలో ఉన్నవాడికి ఒంట్లో సత్తువుంది. మంచాన పడ్డవాడికి పొలముంది. బడి మానేసిన పిల్ల ఇంట్లో పాడి ఉంది.

లెక్క వేస్తే రెండు ఊళ్ళకీ తేడా ఒక్కలాగే వచ్చింది. మళ్ళీ వేశాను. అదే. లెక్కలో తప్పేమీ లేదు. ఒక్కో లోటునూ విడిగా కొలిస్తే, అవన్నీ నలుగురి మీద పడ్డాయో ఒక్కరి నెత్తినే పడ్డాయో ఆ కొలతకి కనిపించదు.

ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను. "సార్, ఏ ఇంట్లో ఎన్ని లోట్లు కలిశాయో చూడాలండి. అప్పుడు ఆ క్వారీ ఊరే అధ్వాన్నమని తేలుతుంది."

"ఎట్లా కలుపుతావమ్మా? బడి మానెయ్యటం ఎక్కువా, మంచాన పడటం ఎక్కువా? దేనికెంత తూకమో ఎవరు చెప్పాలి?"

ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగారు. గదికొచ్చి తూకాలు మార్చి మార్చి వేశాను. అన్నిట్లోనూ అడుగునున్న ఇంటిని ఏ తూకం పైకి తెస్తుంది? ఆ మాటే మర్నాడు చెప్పాను, బతిమాలాను.

"రిపోర్టు పంపేశానమ్మా. రెండూ సమానమైనప్పుడు బస్సు పోయే ఊరికే ఇస్తారు," అన్నారు. బస్సు పోయేది వత్సవాయి వైపున్న ఆ రెండో ఊరికి.

ఆ ఎండాకాలం మళ్ళీ క్వారీ ఊరికి వెళ్ళాను. గుడిసెలో మంచం ఖాళీగా ఉంది. సాయంత్రం తల్లీ కూతుళ్ళు ఒంటినిండా తెల్లటి దుమ్ముతో వచ్చారు.

"ఆయన పోయాడమ్మా. ఇప్పుడిద్దరం పోతున్నాం క్వారీకి. తిండికి ఇబ్బంది లేదు," అంది తల్లి, నన్ను ఓదార్చాలన్నట్టు.

ఇంట్లో రోగి లేడు, రెండు పూటలా అన్నం ఉంది. ఇవాళ మళ్ళీ సర్వే చేస్తే, ఈ ఇల్లు బాగుపడినట్టే తేలుతుంది.