దసరా బొట్టు పెట్టిన వైఫై డబ్బా

వికారాబాద్‌లో మా పక్కింటి పరమేశ్‌ది విత్తనాల దుకాణం. కంది విత్తనం కోసం ఎవరొచ్చినా "నల్లరేగడా, ఎర్రనేలా? నీళ్లున్నయా?" అని సతాయించి గానీ సంచి ఇవ్వడు. నేల సంగతి చెప్పకపోతే కసురుకుంటాడు కూడా. అబ్బో, ఎంత జాగ్రత్తో! షట్టర్ దించాడంటే ఆ తెలివంతా దుకాణంలోనే ఉండిపోతుంది. ఇంటికొచ్చేది వట్టి మీసం.

ఆయన భార్య దేవిక బీకాం చదివింది. పెళ్లయిన ఇన్నేళ్లకు హైదరాబాద్ ఆఫీసొకటి, ఇంట్లోంచే లెక్కలు చూసే ఉద్యోగానికి పిలిచింది. సోమవారం పొద్దున వీడియోలో ఇంటర్వ్యూ. వాళ్లది రాతిగోడల ఇల్లు, లోపల ఫోన్ సిగ్నల్ అందదు. మేడెక్కుదామంటే అనంతగిరి గుట్టల నుంచి దిగే కోతులు. ఇక దిక్కు ఆ వైఫై డబ్బానే. అదేమో పాతదైపోయి మాటిమాటికీ ఆగిపోతోంది. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం కంపెనీ ఎప్పుడో మానేసింది.

"కొత్తది తెద్దాం" అంది దేవిక.

"డబ్బా మంచిగనే ఉన్నది. లోపలి సాఫ్ట్‌వేర్ మారుస్తె అయిపాయె. లోకంల అందరు కలిసి రాసిండ్రట, ఫుకట్‌ల ఇస్తరట" అన్నాడు పరమేశ్.

ఆ మాట వరకు నిజమే, కాదనను. ఆ తర్వాతే మన మేధావి మొదలుపెట్టాడు. అలా ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్లు మూడు దొరికాయి: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అని ఒకటి, డీడీడబ్ల్యూఆర్‌టీ అని ఒకటి, ఫ్రెష్‌టమాటో అని ఇంకొకటి. ఏది తన డబ్బాలో పడుతుందో చూడాలా, వద్దా? చూడడు. ఏ సాఫ్ట్‌వేర్ తెర రంగు బాగుందో చూస్తాడు! చీరల దుకాణంలో కూర్చున్నట్టు ఫోన్లో బొమ్మలు తిప్పి తిప్పి, తేలక, తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ నడిపే అక్కమొగుడు చంద్రకాంత్‌కు ఫోన్ చేశాడు.

"అరే బామ్మర్దీ, మా ఇంట్ల గూడ గదే డబ్బా. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఏసిన, మస్తు నడుస్తున్నది. ఫైల్ పంపుత, ఏస్కో" అన్నాడాయన. అడిగినవాడికి తగ్గ సలహాదారు!

ఒకే పేరున్న డబ్బాలో కూడా కంపెనీవాళ్లు లోపలి సామాను మారుస్తుంటారు. ఎన్నో రకమో కింద అంటించిన కాగితం మీదే ఉంటుంది. దేవిక అదే అడిగింది.

"జర కింద ఏం రాసున్నదో చూడుండ్రి."

"ఏడ కనపడ్తది? బొట్టున్నది."

అవును మరి! దసరాకు స్కూటరు, మిక్సీతో పాటు దానికీ పూజ చేశాడు మహానుభావుడు. పైన నున్నగా ఉండి కుంకుమ నిలవలేదట. అందుకని తిరగేసి, ఆ కాగితం మీద గంధం మెత్తి బొట్టు పెట్టాడు.

"తుడువుండ్రి" అంది దేవిక.

"పూజ చేసిన బొట్టు తుడుస్తరా ఎవరన్న? దానంతటదే పోవాలె. బావ జెప్పిండు గద, నువ్వు ఊకో" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఫైల్ ఎక్కించాడు. డబ్బా ముందు ఆయన కూర్చున్న తీరుకు కొబ్బరికాయ ఒక్కటే తక్కువ. దీపాలన్నీ ఆరిపోయి, ఒక్కటి మాత్రం మిణుకు మిణుకుమంది. ఆదివారం పొద్దుటికీ అదే మిణుకు, నెట్ లేదు. డబ్బాలు అమ్మే దుకాణాలకు సెలవు. దేవిక తడిగుడ్డ తెచ్చి బొట్టు తుడిచి, కింది కాగితం చదివి, సిగ్నల్ కోసం వీధి గుమ్మంలోకి వచ్చి తాండూరుకు తనే ఫోన్ కలిపింది.

"అన్నా, మాది ఐదో రకమట. మీదేంది?"

"మూడోదమ్మా. కింద రాసుంటది గద, చూడలేదా బామ్మర్ది?"

పక్కనే ఉన్న బామ్మర్ది గోడ మీద బల్లిని చూస్తున్నాడు.

"అయితే రేపు ఇంటర్వ్యూకు మీ ఇంట్ల కూసుంట. నేనే వస్తున్న" అంది దేవిక.

ఆ సాయంత్రం రైలుకు నేనూ వెంటెళ్లాను. ఇలాంటిది చూడకుండా ఎవరుంటారు చెప్పండి! సోమవారం ఇంటర్వ్యూ అయ్యేదాకా చంద్రకాంత్ ఇంటి వెనకే ఉన్న రాళ్లు కోసే మిషన్లు బంద్ పెట్టించి, కూలీలకు చాయ్ తాగించాడు. ఫైల్ పంపిన పాపానికి ఆ మాత్రం చేయాలిగా! తాండూరులో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. దేవిక గదిలోంచి నవ్వుకుంటూ బయటికొచ్చింది. ఒకటో తారీఖు నుంచి చేరమన్నారట.

ఆ వారమే కొత్త డబ్బా కొంది. కొనేముందు దుకాణంలోనే తిరగేసి రకం చదివి, దానికి సరిపడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉందో లేదో చూసుకుని మరీ కొంది. తనే ఎక్కించింది. పరమేశ్ కుంకుమ భరిణెతో తయారు.

"పైన పెట్టుండ్రి. జారిపోతె పోనియ్యుండ్రి" అంది.

ఇప్పుడామె ఆ గదిలో కూర్చుని ఉద్యోగం చేసుకుంటోంది. పరమేశ్ దుకాణానికి వచ్చిన ప్రతి రైతుకూ చెబుతున్నాడు: "మా ఇంట్ల నెట్ గింత మంచిగ ఎందుకొస్తదనుకున్నవ్? సాఫ్ట్‌వేర్ నేనే సెలెక్ట్ చేసిన."

అని, సంచి మీద చెయ్యేసి అడుగుతాడు: "ఇంతకు నీది ఏం నేల?"