పిడుగు మెత్తబడాలట

ఆ, అదే చెప్పబోతున్నాను. ఇంకా ఆ బ్యాండులోనే ఉన్నాడా, తీసేశారా అనే కదా మొన్న మీరు అడిగింది. ఉన్నాడు. కానీ ఉన్నట్టు లేదు. తీసేసి ఉంటే నాకింత బెంగ ఉండేది కాదు, నేనే వెళ్లి పోట్లాడి వచ్చేదాన్ని. ఇన్నేళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పిన గొంతు, ఇంకా అరిగిపోలేదు.

వాడు మా అన్నయ్య కొడుకు. కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాడు. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఒక బరువైన ఇనపచట్రం పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ “ఇది బాగుందా, ఇందాకటిదా?” అని అడుగుతాడు. పొద్దస్తమానం అదే మాట, అదే మెత్తటి గొంతుతో. పెద్దవయసు వాళ్లయితే వీడి కోసమే గంటలకొద్దీ కూర్చుంటారు. అందులో వాడికో కిటుకు ఉంది. మధ్యమధ్యలో ఏమీ మార్చకుండా ఉత్తినే అద్దాన్ని చట్రానికి టక్కుమని తగిలించి “ఇప్పుడో?” అంటాడు. “ఆ, ఇప్పుడు శుభ్రంగా ఉంది బాబూ” అన్నారో, వాళ్లకు పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలన్నమాట. వాళ్లు కనబడింది చెప్పడం లేదు, ఎదుటివాడికి నచ్చేది చెబుతున్నారు.

ఇంత నెమ్మదైన మనిషి, సాయంత్రం మా మేడ మీది గదిలో డ్రమ్ముల వెనక కూర్చుంటే వేరే మనిషి. బ్యాండువాళ్లు పిడుగు అని పిలుస్తారు. ఈ ఊళ్లో ఉద్యోగం దొరికి మా ఇంటికి వచ్చిన రోజున “కొంచెం సామాను ఉందత్తా” అన్నాడు. ఆ కొంచెం సామాను మేడమెట్ల మలుపులో ఇరుక్కుని, పైకి రాక కిందికి పోక, పక్కింటాయన వచ్చి భుజం పట్టాక గాని కదల్లేదు. ఆ పెద్ద డ్రమ్మును తన చేతులతో పైకెక్కించినందుకు ఆయన ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటూనే ఉంటాడు.

వాళ్ల బ్యాండు పేరు ‘తుప్పు’. అదేం పేరురా, వేరే మాటే దొరకలేదా అంటే, “ఇనుము పాడే పాట అదే అత్తా” అన్నాడు. ముగ్గురు మనుషులు, బోలెడు కరెంటు. పాటకో పల్లవి, చరణం ఉంటాయనుకునే నాలాంటిదానికి వాళ్ల పాట మొదలవడం తెలిసేది, అయిపోవడం తెలిసేది, మధ్యలో ఏం జరిగిందో తెలిసేది కాదు. నల్లచొక్కాల పిల్లలు వచ్చి, ఎవరినో పరామర్శించడానికి వచ్చినట్టు ముఖాలు వేలాడేసుకుని వినేవాళ్లు. అయ్యాక వీడి చెయ్యి పట్టుకుని, “అన్నా, ఛాతీ లోపల కొట్టినట్టుంది” అని కళ్లు తుడుచుకునేవాళ్లు. నాకూ అలవాటైపోయింది. పైన అది మొదలైతేనే కింద నా పని సాగేది.

ఇప్పుడు వచ్చిన చిక్కు వాళ్ల పాటమ్మాయితో. మంచి పిల్ల. పగలు బస్‌స్టేషన్‌లో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో మైకులో చెబుతుంది. ఒకరోజు కిటికీలోంచి చూస్తే, బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ సంచి ఊపుకుంటూ ఏదో సబ్బు ప్రకటన పాట కూనిరాగం తీస్తోందట. అది ఈ అమ్మాయి మనసులో పడింది. ఆ సాయంత్రమే వచ్చి, “మన పాటలు వినేవాళ్లు ఏడుస్తారు, సరే. కానీ ఒక్కరైనా ఇంటికెళ్తూ పాడుకోగలరా? సబ్బుకున్న అదృష్టం మనకు లేదా?” అంది. గిటారు వాయించే పొడుగాయన, మేమందరం నిచ్చెన అంటాం, వెంటనే ఒక చిన్న కీబోర్డు తెచ్చాడు. ఉరుములు పోయి గజ్జెలు వచ్చాయి. తేలిగ్గా, సరదాగా, నోటికి పట్టేలా ఒక పాట కట్టారు. అబద్ధం ఎందుకు, బాగుంది. మేడ మీంచి మెట్ల మీదుగా దిగి నేరుగా నా నోట్లోకి వచ్చి కూర్చుంది.

అయితే ఆ పాటలో దరువు కంప్యూటర్‌ది. మీట నొక్కితే టిక్కు టిక్కుమంటుంది, అలసట లేదు, ఆకలి లేదు. పాటమ్మాయి వీడితో అన్న మాట ఇదీ: “సోమవారం రికార్డింగ్. నీకు ఇందులో ఎక్కడైనా చోటు దొరుకుతుందేమో చూసుకుని ఆలోపు చెప్పు. దొరక్కపోతే ఈ పాట వరకు ఊరుకో. తరవాత సంగతి తరవాత చూద్దాం.”

ఈ పాట వరకు అంటే మిగిలిన పాటలూ ఇలాంటివే కదా. పొమ్మనలేదు, రమ్మనలేదు. వాకిట్లో నిలబెట్టింది.

వాడు చేయని ప్రయత్నం లేదు. ఒకరోజు స్నానానికి వెళ్తే తువ్వాలు లేదు. రెండోది లేదు. పైకి వెళ్లి చూద్దును కదా, ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ డ్రమ్ముల మీద కప్పి ఉన్నాయి.

“చప్పుడు మెత్తబడుతుందని అత్తా.”

“మెత్తబడిందా?”

“తడిసిపోయినట్టుంది.”

పుల్లలు మానేసి కుంచెల్లాంటివి తెచ్చి వాయించాడు. నిచ్చెన విని, “ఏనుగు మునివేళ్ల మీద నడుస్తున్నట్టుంది రా పిడుగూ” అన్నాడట. వాడు నవ్వుతూనే అన్నాడు, వీడూ నవ్వుతూనే చెప్పాడు. కానీ కంచంలో పెట్టింది కంచంలోనే ఉంది. ఒక సాయంత్రమైతే దుకాణంలోని ఆ ఇనపచట్రం ముక్కు మీద అలాగే పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. దారంతా జనం తిరిగి తిరిగి చూశారట, ఎందుకు చూస్తున్నారో వీడికి తెలియలేదట. నేను తీసి చేతిలో పెడితే దాన్ని చూసి, “రేపు ఎవరికో తప్పు అద్దాలు ఇచ్చేస్తానేమో అత్తా” అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు సరిగ్గా నిద్ర లేదు. పక్కింటాయన కూడా గోడ మీంచి తొంగిచూసి, “ఏమ్మా, మీవాడికి ఒంట్లో బాగా లేదా? చప్పుడే లేదు” అన్నాడు. ఇన్నాళ్లూ చప్పుడని గోల పెట్టిన మనిషి.

నిన్న సాయంత్రం ఫోను పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

“అత్తా, పాట రెండు రకాలుగా ఉంది. ఒకదాంట్లో కంప్యూటర్, ఒకదాంట్లో నేను. ఏది ఏదో చెప్పను. ఏది బాగుందో చెప్పు.”

మొదటిది వినిపించాడు. ఫోనును టేబుల్ మీద టక్కుమని పెట్టి, మళ్లీ తీసి రెండోది వినిపించాడు. ఆ టక్కు దగ్గరే నాకు అర్థమవ్వాల్సింది.

“రెండోదే రా. సందేహమే లేదు. నీ చెయ్యి తెలిసిపోతోంది, ఎంత మెత్తగా పడిందో” అన్నాను.

దుకాణంలో ముసలివాళ్లను చూసి నవ్వే నవ్వు నవ్వాడు. “రెండూ ఒకటేనత్తా. రెండూ కంప్యూటర్‌వే.”

“ఒరేయ్, నన్ను కూడా కుర్చీలో కూర్చోబెట్టావా?”

“నీ మీద కోపం లేదు. కానీ ఇంక నిన్ను అడగలేను.”

అడగలేను అన్నాడు చూడండి, అక్కడ కోసింది నన్ను. ఇంట్లో ఉన్న ఒక్క వినేమనిషి కూడా వాడికి లేకుండా పోయింది.

ఇక ఈ రోజు పొద్దున సంగతి. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. వాడు గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. కడుగుతూ కడుగుతూ ఆ కొత్త పాటే కూనిరాగం తీస్తున్నానట, నాకు తెలియదు. ఒక బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు.

“ఆ దరువు ఎక్కడిది?”

“ఏ దరువు రా?”

“ఇప్పుడు సింకు అంచు మీద కొట్టావే. వేళ్లతో, మధ్యలో మణికట్టుతో.”

“ఏమో. పాటలోదే కదా.”

“పాటలో లేదత్తా. కంప్యూటర్‌లో లేదు, నేను వాయించిందాంట్లో లేదు. ఇంకోసారి కొట్టు.”

కొట్టాను. పాట పాడితే చెయ్యి దానంతట అదే వెళ్తోంది. వాడు నిన్నటిలా చూడలేదు. నేను వాడి కోసం చెప్పిందయితే నమ్మేవాడు కాదు. అడగకుండానే వచ్చింది కాబట్టి నమ్మాడు. నాకేమో అది ఎక్కడ విన్నానో గుర్తు రాలేదు. చేతులు తుడుచుకుంటూ భోజనాల బల్ల దగ్గర కూలబడి, అలవాటుగా మోచెయ్యి ఆనించాను. బల్ల టుక్కుమంది.

ఆ బల్లకు ఒక కాలు పొట్టి. ఎప్పటినుంచో అంతే. ఎవరు చెయ్యి ఆనించినా ఆ మూల కిందికి వంగి కాలు నేలకు తగిలి, లోపలెక్కడో కొట్టినట్టు టుక్కుమంటుంది. వడ్రంగిని పిలిచీ పిలిచీ నా నోరు నొప్పి పుట్టింది.

“ఒరేయ్, ఇదిగో ఇక్కడిది” అన్నాను. “భోజనం చేస్తూ నువ్వు కొట్టేదే ఇది. పాట నీ బుర్రలో తిరుగుతున్నంతసేపూ ఎడమచేతి వేళ్లు చెక్క మీద, మణికట్టు ఆనితే ఈ కాలు నేల మీద. రోజూ వినీ వినీ నాకు పాట అంటే అదే అయిపోయింది.”

వాడు కూర్చున్నాడు. వేళ్లు బల్ల మీద పెట్టాడు. కొట్టబోయాడు. రాలేదు. ఇంకోసారి. వేళ్లు కర్రల్లా ఉన్నాయి. కావాలని చేయబోయేసరికి ఆ చెయ్యి వాడిది కాకుండా పోయింది.

“నేనెప్పుడూ కొట్టలేదత్తా. నువ్వే ఏదో అనుకుంటున్నావు.”

“నేను అనుకుంటే సింకు మీద ఎలా వచ్చిందిరా?”

“సరే, వచ్చిందే అనుకో. ఏమని చెప్పను వాళ్లకి? అంత డ్రమ్ములు పక్కన పెట్టి భోజనాల బల్ల మోసుకొచ్చానని చెప్పనా? నవ్వుతారు. అసలే చోటు లేదన్నవాళ్ల ముందు బల్ల పట్టుకుని నిలబడనా?” రెండో బూటు వేసుకుని వెళ్లిపోయాడు. టిఫిన్ డబ్బా ఇక్కడే మర్చిపోయాడు.

కాసేపు ఆ డబ్బానే చూస్తూ కూర్చున్నాను. కొట్టరా అంటే రాదు. చూస్తున్నామంటే రాదు. తింటుంటే వస్తుంది. అంతే కదా. ఈ ముక్క తట్టేసరికి లేచి ఫోను వెతుక్కున్నాను. అప్పటికప్పుడు పాటమ్మాయికి ఫోన్ చేశాను. వెనకాల ఏదో బస్సు బయల్దేరుతున్న రొద.

“టీచర్ గారూ, ఏదైనా సంగతా?”

“సంగతేం లేదమ్మా. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి, నువ్వూ నిచ్చెనా.”

మైకు కట్టేసిన చప్పుడు. “వాడి గురించి మాట్లాడటానికైతే వద్దండీ. నాకూ కష్టంగానే ఉంది.”

“వాడి గురించి నేనెత్తను. తిండి గురించి తప్ప ఒక్క మాట మాట్లాడితే లేచి వెళ్లిపో.”

నవ్వింది. తరవాత గొంతు తగ్గించి అంది, “మాకూ భయంగానే ఉందండీ. మేడ మీదికి వచ్చే పాతవాళ్లు ఈ పాట విని, డబ్బుకు అమ్ముడుపోయారని తిడుతున్నారు. కొత్తవాళ్లు వస్తారో రారో తెలియదు. పైగా పాటంతా బాగుంది గాని, ఎక్కడో మనిషి లేనట్టుంది. అదేంటో పట్టుకోలేకపోతున్నాను.”

నా నాలుక చివరిదాకా వచ్చింది. కరుచుకుని ఊరుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో జవాబు తెలిసి నోరు మూసుకోవడం ఇదే మొదలు. చెబితే ఆదివారం నాడు ఆ పిల్ల వీడి చేతినే చూస్తూ కూర్చుంటుంది, వీడు చెయ్యి ఒళ్లో దాచుకుంటాడు.

“వస్తాం లెండి” అని పెట్టేసింది.

అప్పటినుంచి నేను ఒక చోట కుదురుగా లేను. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. వాడు పొట్టికాలి మూలకే కూర్చోవాలి. ఆ పిల్ల ఎదురుగా కాదు, పక్కన. ఫోనులో ఆ పాట చిన్నగా పెట్టనా, పెడితే అనుమానపడతాడా? పెట్టకపోతే పాట వాడి బుర్రలో తిరుగుతుందా? తినే ధ్యాసలో పడాలంటే వాడికి ముందు ఆకలి వేయాలి, ఆకలి చచ్చి ఎన్నాళ్లయిందో. ఒకవేళ కొట్టి, వాళ్లు విని కూడా పట్టించుకోకపోతే? అది ఆలోచించదలచుకోలేదు.

ఇప్పుడు ఈ నాలుగు ముక్కలూ మీకు రాద్దామని అదే బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద చెయ్యి ఆనించానా, టుక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది. మీకు చెప్పడం మరిచాను. వడ్రంగి రేపు పొద్దున్నే వస్తానన్నాడు. నెలల తరబడి నా చేత చివాట్లు తిని తిని, మొన్న బజారులో ఎదురుపడి, “శనివారం తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటానమ్మా, ఆ కాలికి ముక్క అతికించి మరీ వెళ్తాను, రాకపోతే నా పేరు మార్చండి” అన్నాడు. నేనూ ఊరుకోకుండా, “నేను నిద్ర లేవకపోయినా వరండాలోకి లాగి పని కానిచ్చేయ్, తలుపు గడియ వేయను” అన్నాను. రమ్మంటే రాని మనిషి, ఈసారి వచ్చి తీరతాడని నాకెందుకో గట్టిగా అనిపిస్తోంది.

ఉంటాను. ఫోను ఎక్కడ పెట్టానో వెతకాలి. ముందు ఆ వడ్రంగికి చేసి, ఆ బల్లకాలు ముట్టుకోవద్దని చెప్పాలి.