ఎండలో పెట్టిన రబ్బరు పట్టీ

సిద్దిపేట బస్టాండులో చిన్నకోడూరు బస్సు కోసం కూర్చున్నాను. ఒళ్లంతా అలసట. పక్కనున్న అక్క చేతులు మసిబారి, రబ్బరు వాసన వేస్తున్నాయి. ఆమె సంచిలోంచి నల్లటి పట్టీ తీసి, "చెల్లె, గీ కొస వట్టుకొని జర గుంజు," అంది.

సిగ్గుపడుతూనే గుంజాను. సాగింది, తెగలేదు.

"బర్రెల కొట్టంల పరిచే చాపలు చేస్తం. చెట్టు రబ్బరు ఒక్కటే ఏస్తే ఎండకు పగుల్తది. సింథటిక్‌ది ఒక్కటే ఏస్తే చినుగుతది. నేను రెండు కలిపిన. గిది గూడ పగిలితే పనిల నుంచి తీసేస్తనన్నడు సేటు."

"పగలదులే అక్కా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నీ నోట్ల చక్కెర వొయ్య! బర్రెలకు మెత్తగ పరుస్తున్న, నా నడుముకే దిక్కులేదు," అని నవ్వి కళ్లు మూసుకుంది.

బస్సు వచ్చింది. పట్టీ ఆమె ఒళ్లో పెట్టబోతే, కళ్లు తెరవకుండానే, "ఉంచుకో, ఇంకోటున్నది. ఎండల వెట్టి చూడు," అంది. పేరు అడగలేకపోయాను.

ఎండాకాలాలు గడిచాయి. పట్టీ మా పిట్టగోడ మీదే ఉంది. ఇవాళ కూడా వంచి చూశాను. పగల్లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పే దారి లేదు.