అర్ఫజ్ కంచె

సౌదీలో జుబైల్ అవతలి ఎడారిలో మోకాలెత్తు పూలపొద ఒకటి గొర్రెల మందనంతా మింగేసింది. కళ్లారా చూశాను. సరే, మా మనవరాలు ఉమేరా గుడ్లురిమి చూస్తోంది, చూడలేదు, విన్నాను. పైగా మింగింది పొద కాదు, గొర్రెలే. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి అరచేతి మీద కొట్టేవారు గనుక అంతవరకు దిద్దుకుంటాను. మిగతాది నిజం.

ఆ పొద పేరు అర్ఫజ్. ఈ గల్ఫ్ చుట్టుపక్కల ఇసుకలో తప్ప మొలవదు. ఎండలు ముదిరే ముందు పసుప్పచ్చగా పూస్తుంది. దూరాన్నించి అచ్చం తంగేడే.

జగిత్యాల భూమేష్ కూడా తంగేడే అనుకున్నాడు. తోటమాలి వీసా మీద వస్తే, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ అతన్ని ఎడారిలో గొర్రెల దగ్గర దింపాడు. గొల్లవాడే, మంద కొత్త కాదు. ఊళ్లో భార్య ఉమాదేవికి కిడ్నీలు పాడయ్యాయి, ప్రాణం ఉండగానే రమ్మని ఫోను. కాళ్లావేళ్లా పడితే కఫీల్ దేశం దాటే అనుమతి కాగితానికి, అదే ఎగ్జిట్‌కు ఒప్పుకున్నాడు. కాగితం వచ్చేదాకా మంద జాగ్రత్త అన్నాడు.

ఆ సాయంత్రమే గాలిదుమారానికి దొడ్డి కంచె ఒక పక్క ఒరిగింది. భూమేష్ ఊళ్లో దొడ్డికి సందు పడితే తంగేడు కొమ్మలు అడ్డం కడతారు. గొర్రెలు తంగేడు ముట్టవు. అతనూ అర్ఫజ్ నరికి, పూలతో సహా సందు నిండా కట్టి పడుకున్నాడు.

ఇక్కడి గొర్రెలకు అర్ఫజ్ అంటే పెళ్లి భోజనం. తెల్లారేసరికి కంచె లేదు, మంద లేదు. కొన్ని హైవే మీద ట్యాంకర్ల కింద దొరికాయి.

“మిగిలినవన్నీ తెచ్చాకే ఎగ్జిట్,” అన్నాడు కఫీల్.

ఇసుకలో పడి వెతికాడు. దొరికినదాన్ని దొరికినట్టు తోలుకొచ్చాడు. ఇంకా కొన్ని దొరకాల్సి ఉండగానే ఊరి నుంచి ఫోను వచ్చింది. ఎండకు తెర కనబడక, చొక్కా విప్పి తల మీద కప్పుకుని, భార్య చితిని ఫోనులో చూశాడు.

ఇప్పుడు జుబైల్‌లో మా దుకాణం ముందరి మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. ఒకసారి జ్వరంలో తనే చెప్పిన ఈ సంగతంతా రాసి, మొన్న అతనికి చదివి వినిపించాను. చేతిలో పైపు కింద పెట్టలేదు.

“గౌస్ చాచా, నీకేం పనిలేదా?” అన్నాడు. “నేనెన్నడు గొర్లు కాయలే. ఆ చెట్టేందో నాకెర్కలేదు. ఉమాదేవి మంచిగనే ఉన్నది. పొద్దుగాల్నే మాట్లాడిన.”