షారోను ఎత్తిన కాలు

చండ్రుగొండ చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపు అంటే గుర్రం జకర్యాదే. పెళ్లికొడుకు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కింద పడితే పరువేం కాను అని బిక్కుబిక్కుమంటూ పైన కూర్చుంటే, కళ్లెం పట్టుకుని ముందు నడిచే పొడుగాటి మనిషి అతను. ఎవరి పెళ్లి ఆల్బమ్ తిరగేసినా ఓ చెయ్యి, ఓ భుజం, తలకు చుట్టిన ఎర్ర తువ్వాలు కనబడతాయి. ముఖం మాత్రం ఎందులోనూ పూర్తిగా పడలేదు. ఆ చెయ్యి ఎవరిదని అడిగిన పాపాన పోయినవాళ్లూ లేరు. ఇప్పుడు పెళ్లికొడుకులు టాపు తెరిచిన కార్లలో నిలబడి ఊరేగుతున్నారు గనక ఆ చెయ్యి కూడా ఫొటోల్లోంచి పోయింది. జకర్యా ఊరవతల ఓ కోళ్లఫారానికి వాచ్‌మన్‌గా కుదిరాడు.

ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడో లేదో, పర్ణశాల నుంచి హరిలాల్ ఫోన్ చేశాడు. జకర్యా దగ్గరున్న ఆఖరి గుర్రం షారోనును కొనుక్కుపోయింది అతనే. గోదారి ఒడ్డున యాత్రికుల పిల్లల్ని గుర్రమెక్కించి, ఫొటోలు తీయించి పొట్టపోసుకుంటాడు.

“అన్నా, నీ గుర్రం పనైపోయింది. నేను మేపలేను. కావాలంటే వచ్చి చూసుకో. నువ్వూ వద్దంటే అడివిల ఇడిసిపెట్టొస్త.”

“అడివిల ఏం బతుకుతదిరా?”

“బతకదు. కోతకియ్యనీకి చేతులు రావట్లేదన్నా. ఏం జెయ్యమంటవు?”

చూద్దాంలే అని జకర్యా ఫోన్ పెట్టేశాడు. చెవులు మందగించినప్పటి నుంచి అతను ఫోన్ స్పీకర్లోనే పెట్టి మాట్లాడతాడు. కాబట్టి కూర వడ్డిస్తున్న విశ్రాంతమ్మ ప్రతి ముక్కా విన్నది. గరిటె గిన్నెలో పెట్టి, మొగుడి ముఖంలోకి చూసింది.

“రేపు పొద్దున పోదాం” అంది.

“ఏం జేసుకుంటం? దానికీ వయసైంది, మనకూ వయసైంది.”

“మహిమ చేతులు పడ్డ ప్రాణం లోకంల అదొక్కటే ఉన్నదయ్యా” అంది విశ్రాంతమ్మ. ఆ తర్వాత ఇద్దరూ అన్నం కెలికి లేచారు.

మహిమ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. షారోను పాలు మరవని పిల్లగా ఆ ఇంటికి వచ్చినప్పుడు మహిమ ఏడో తరగతి. సండే స్కూల్లో విన్న పేరు బాగుందని ఆ పేరు పెట్టింది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గడపలో పారేసి దొడ్లోకే పరుగు. షారోనుకూ ఓ పిచ్చి అలవాటుండేది. మహిమ వంగితే చాలు, జడ కొస నోట్లో పెట్టుకుని చప్పరించేది. రిబ్బన్లు తడిసి ముద్దయ్యేవి. గుర్రం ఎంగిలితో బడికి పోతవా అని తల్లి తిట్టేది. ఆ పిల్ల నవ్వేది.

పెళ్లి గుర్రం ఊరికే నడిస్తే ఎవడూ పిలవడు. డప్పు పడగానే మెడ వంచి, ముందుకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి ఆడాలి. పైనున్నవాడికి దడ పుట్టాలి, చూసేవాళ్లు ఈలలెయ్యాలి. ఆ ఆట గుర్రానికి పుట్టుకతో రాదు. రెండు గుంజల నడుమ కట్టేసి, పక్కన డప్పు కొట్టిస్తూ, సన్నటి చింతబరికెతో ముందుకాళ్ల ఎముకల మీద దెబ్బకో కాలు చొప్పున కొట్టాలి. కాలెత్తితే దెబ్బ తప్పుతుంది. జకర్యాకు వాళ్ల నాయన అట్లాగే నేర్పాడు, ఆ నాయనకు ఇంకెవరో. షారోనుకు ఆట వచ్చేసరికి ఓ వానాకాలం పట్టింది.

“కొట్టకు నాయినా” అని మహిమ గుంజ పట్టుకుని ఏడ్చేది.

“ఇది ఆడకపోతే నీ చదువెట్లా?” అనేవాడు జకర్యా. ఆ మాట అబద్ధం కాదు. మహిమ నర్సింగు చదివింది షారోను ఆడిన ఆటతోనే. అప్పట్లో రోజూ సాయంత్రం ఆ పిల్ల ఆముదం గోరువెచ్చగా కాచి, షారోను కాళ్లకు మోకాలి నుంచి గిట్ట దాకా రాసేది. తండ్రి కొట్టేది, కూతురు రాసేది, ఆ దొడ్లో రెండూ సాగాయి.

మహిమ ఖమ్మంలో నర్సుగా చేరి, ఖానాపురం హవేలిలో స్నేహితురాలితో కలిసి గది కిరాయికి తీసుకుంది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు డ్యూటీలోనే జ్వరం తెచ్చుకుంది. ఆసుపత్రి ఖర్చుకని జకర్యా షారోనును హరిలాల్‌కు అమ్మేశాడు. గుర్రమూ పోయింది, పిల్లా దక్కలేదు. మూటగట్టి తీసుకుపోతుంటే ఇద్దర్నీ దూరంగా నిలబెట్టారు. తల్లిని కనీసం కాళ్లయినా ముట్టుకోనివ్వలేదు. విశ్రాంతమ్మ అరచేతులు ఆనాటి నుంచీ ఊరుకోవు. ఖాళీగా కూర్చుంటే ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉంటాయి.

సోమవారం ఇద్దరూ బస్సులు మారి పర్ణశాల చేరుకునేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది. హరిలాల్ ఇంటి వెనక రేకుల పాక కింద షారోను నిలబడి ఉంది. నిలబడి ఉందనడమే గాని, గుంజకు ఆనుకుని పడకుండా ఉంది. డొక్కలు బయటపడ్డాయి. వీపు మీద జీను ఒరిసిన పుండు, దాని మీద ఈగలు. ఎడమ కంట్లో తెల్లటి పొర. గిట్టలు పెరిగి, పగిలి, చెప్పుల్లా ముందుకు సాగాయి. ఆ జూలు పట్టుకునేనా మహిమ వేలాడింది అనిపించి విశ్రాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జకర్యా మాత్రం పనిలోకి దిగాడు. గుర్రాలెరిగిన మనిషి గనక కన్నీళ్లకు ముందు పళ్లు చూశాడు. పొర కమ్మిన ఎడమ వైపు నుంచి వెళ్లి పెదవి ఎత్తాడు, డొక్క మీద చెవి పెట్టి ఊపిరి విన్నాడు, గిట్ట వాసన చూసి ముఖం చిట్లించాడు. షారోను కదల్లేదు. ఎవడో పరాయివాడు తడుముతుంటే ఊరుకున్నట్టు ఊరుకుంది. నన్ను గుర్తుపట్టలేదని అతనికి ప్రాణం చివుక్కుమంది. ఇన్నేళ్లు నా చేత్తో దాణా తిని, నన్నే మరిచిపోయిందా అనుకున్నాడు.

“ఏమున్నది దీంట్ల? లోపల చీము పట్టింది, ఊపిరి గురగురమంటంది. వచ్చే వానలు దాటదు” అన్నాడు పెళ్లాంతో. “ఇంకో పీనుగను ఇంటికి తోలుకపోతమా విశ్రాంతం? ఒక్కసారి పడ్డది చాలదా?”

“నా కండ్ల ముందు పోనియ్యి. ఒక్కదాన్నన్నా నా చేతులతోని సాగనంపుకుంట” అంది ఆమె.

జవాబు లేనప్పుడు మగవాళ్లు చేసే పనే జకర్యా కూడా చేశాడు. ఏదో పనున్నట్టు నటించాడు. పగిలిన గిట్టలో మట్టి గీకి చీము ఎంత లోతుందో చూద్దామని, కంచె పక్కనున్న చింతకొమ్మ నుంచి ఓ సన్నటి పుల్ల విరిచాడు. ఆకులు దూసి, ఈసారి కుడివైపు నుంచి వచ్చాడు. అటువైపు కన్ను మంచిది.

షారోను తలెత్తింది. చెవులు రెండూ వెనక్కి అతుక్కుపోయాయి. మెడ వంగింది. జకర్యా ఇంకా దాన్ని ముట్టుకోనేలేదు, కుడి ముందుకాలు లేచింది. అది దిగి ఎడమది లేచింది. చీము పట్టిన గిట్ట నేలకు తగిలినప్పుడల్లా ఒళ్లంతా వణుకుతోంది, అయినా మళ్లీ లేస్తోంది. డప్పు లేదు, బ్యాండు లేదు. ఎండలో ఆ రేకుల కింద ముసలి గుర్రం ఒక్కతే పెళ్లి ఆట ఆడుతోంది.

“వారీ! ఇన్నేండ్లల్ల నా దగ్గర ఒక్కనాడు ఆడలేదన్నా” అన్నాడు హరిలాల్ నోరెళ్లబెట్టి. “ఆట మరిచిపోయిందనుకున్న.”

ఆట కాదు, తను గుర్తొచ్చాడని జకర్యాకు అర్థమైంది. పుల్ల కింద పారేశాడు. అది ఆగలేదు. నెమ్మదిగా నుదురు నిమరబోతే, లేచిన చెయ్యి చూసి కాళ్లు ఇంకా జోరుగా ఎత్తింది. ఊరుకోవే, ఊరుకో తల్లీ అంటుంటే ఆ గొంతుకు మరింత భయపడింది. చివరికి అతను వెనక్కి వెనక్కి నడిచి, గోడ మలుపు తిరిగి, దాని కంటికి కనబడకుండా పోతే అప్పుడు ఆగింది. జకర్యా గోడ వెనక కూలబడి, ఎర్ర తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. మహిమ పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

కాసేపటికి విశ్రాంతమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“నువ్వన్నదే నిజమయ్యా. వద్దులే, పోదాం పా.”

“ఏంది వద్దు? అడివిలకు తోలమంటవా?”

“నువ్వు కనబడ్డప్పుడల్ల ఆడుతది. ఆ కాళ్లతోని ఎన్నిసార్లు ఆడుతది? నువ్వున్న ఇంటికి దాన్నెట్ల తీసుకపోను?”

విశ్రాంతమ్మ తిట్టలేదు, దెప్పలేదు. ఉన్నమాట అంది. తిట్టినా బాగుండేదనిపించింది జకర్యాకు. వద్దంటే అడవిలో కుక్కల పాలు, కొంటే తను కంటబడి రోజూ దానికి నరకం. లేచి ముఖం తుడుచుకున్నాడు.

“తీసుకపోదాం. నేను కనబడ.”

“ఒక్క దొడ్లె ఉండి ఎట్ల కనబడవయ్యా?”

“కనబడనంటున్న కదనే” అన్నాడు.

బేరం ఆడకుండా గుర్రాన్ని కొన్నాడు జకర్యా. ట్రాలీ మాట్లాడారు. గుర్రాన్ని ఎక్కడికి తరలించినా బండిలో దాని పక్కన నిలబడి మెడ చుట్టూ చెయ్యేసి తీసుకుపోవడం అతని వాడుక. ఆవేళ తాడు విశ్రాంతమ్మ పట్టుకుంది. జకర్యా ముందు డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చుని, దారిపొడుగునా గుంతలొచ్చిన చోటల్లా మెల్లగా పోనియ్యి బాబూ అని ప్రాధేయపడ్డాడు.

షారోనును ఇంటి ముందు దొడ్లో కట్టారు. జకర్యా వెనక గోడ కొంత పడగొట్టి మనిషి పట్టేంత సందు చేసుకున్నాడు. ఫారానికి వెళ్లినా, తిరిగొచ్చినా అటు నుంచే. అట్లా రావాలంటే పొరుగింటి సుబ్బరత్నం పెరడు దాటాలి. ఏంది జకర్యా, సొంత ఇంట్లకు దొంగలెక్క వస్తున్నవని ఆమె నవ్వేది. జకర్యా కూడా నవ్వేవాడు. తొలినాళ్లలో ఒకటి రెండుసార్లు మరచిపోయి ముందు గుమ్మంలోకి వచ్చాడు. కాలు లేవడం చూసి గతుక్కుమని వెనక్కి పోయాడు. ఆ తర్వాత మరచిపోలేదు.

శనగలు నానబెట్టేది, గడ్డి సన్నగా తరిగేది, పుండుకు పసుపు నూరేది అన్నీ అతనే. ఇంటి వెనక కూర్చుని అన్నీ సిద్ధం చేస్తే, తీసుకుపోయి పెట్టేది విశ్రాంతమ్మ. గిట్టలు చెక్కడం ఆమెకు రాదు. కిటికీ ఓరగా మూసి, సందులోంచి చూస్తూ, గుర్రానికి వినబడకుండా గుసగుసగా చెప్పేవాడు. ఇంకొంచెం ఇటు, అంత లోతు వద్దు అని. ఊళ్లో అంత పేరున్న గుర్రాలవాడు తన గుర్రాన్ని కిటికీ సందులోంచి చూసుకున్నాడు.

సాయంత్రం ఆముదం కాచి కాళ్లకు రాయడం కూడా మొదలుపెట్టింది విశ్రాంతమ్మ. కొన్నాళ్లు షారోను పట్టించుకోలేదు. ఓ రోజు రాస్తూ రాస్తూ ఆమె గిట్ట దాకా వంగింది. ముసలి గుర్రం మెల్లగా తల దించి, నెరిసిన జడ కొస నోట్లో పెట్టుకుని చప్పరించింది.

విశ్రాంతమ్మ వంగినదల్లా అట్లాగే ఉండిపోయింది. నడుము పట్టేసినా లేవలేదు. చాలాసేపటి తర్వాత లోపలికి వచ్చి, తడిసిన జడ కొస మొగుడి చేతిలో పెట్టింది. జకర్యా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆమెకు కూతురు దొరికింది. ఆ దొరికినదాంట్లో అతని వంతుకు వచ్చింది ఆ తడి.

అతను చెప్పినట్టే షారోను వానలు దాటలేదు. ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం పడుకుని, మళ్లీ లేవలేకపోయింది. మంచి కన్ను కూడా మసకబారింది. దాని తల ఒళ్లో పెట్టుకుని విశ్రాంతమ్మ లోపలికి కేకేసింది.

“రావయ్యా. ఇంక దానికి చూపు లేదు. నిన్ను చూడదు. ఒక్కసారన్నా ముట్టుకో.”

జకర్యా చెప్పులు విప్పాడు. ఎర్ర తువ్వాలు తీసి దండెం మీద వేశాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు, తన వాసన పోతుందేమోనని. బురదలో మోకాళ్ల మీద పాకుతూ, ఊపిరి బిగబట్టి దగ్గరికొచ్చాడు. వేళ్ల కొసలతో దాని మెడ ముట్టుకున్నాడు.

షారోను ముక్కుపుటాలు అదిరాయి. గడ్డిలో వాలిన ముందుకాలు ఒకటి, జానెడు ఎత్తు లేచింది. లేచి పడింది. ఆ వెనకే రెండోది లేచింది. విశ్రాంతమ్మ ఆ కాళ్లను రెండు చేతులా గట్టిగా పొదివి పట్టుకుంది, అయినా ఆమె చేతుల్లోనే ఎగురుతున్నాయి.

జకర్యా చెయ్యి తీసేశాడు. వచ్చిన దారినే వెనక్కి పాకి, ఇంటి వెనక సందులోంచి దూరి, గోడ అవతల వానలో నిలబడ్డాడు. కొంతసేపటికి అక్కడి నుంచే అడిగాడు.

“ఆగినయా?”

దొడ్లో విశ్రాంతమ్మ ఆ కాళ్లను వదిలి, షారోను కళ్లు మూసింది.

“ఆగినయ్” అంది.