వడ్ల బస్తాలతో పరీక్షించిన గ్యాలరీ

2023లో, చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో, జగ్గయ్యపేటలో ఒక కాలేజీ మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి గ్యాలరీలు కట్టే పని ఒప్పుకున్నాను. మాది నందిగామ. మా నాన్న మొదలుపెట్టిన టెంట్ హౌస్ నా చేతికి వచ్చింది. షామియానాలూ కుర్చీలూ అద్దెకిచ్చేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. మా ప్రత్యేకత గ్యాలరీలు. ఇనుప పైపులు నిలబెట్టి, వాటిమీద మెట్లు మెట్లుగా చెక్కలు పరిచి, జనం కూర్చుని ఆట చూసేలా కట్టడం మా పని. వీరులపాడు నుంచి వత్సవాయి దాకా ఎడ్ల బండలాగుడు పోటీలు ఎక్కడ పెట్టినా ముందు కబురు మాకే వస్తుంది. ఇరవై రెండేళ్లలో నా గ్యాలరీ మీంచి ఒక్క మనిషి కూడా కింద పడలేదు. ఈ మాట అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పుకునేవాణ్ణి. ఆ మ్యాచ్ తర్వాత చెప్పుకోవడం మానేశాను.

పని అప్పజెప్పింది కమిటీ కార్యదర్శి సాంబశివరావు గారు. జగ్గయ్యపేటలో ఇనుప సామాన్ల కొట్టు ఆయనది.

"ప్రొఫెషనల్ క్లబ్బులు కోటేశ్వరరావూ. అంటే ఆటే వాళ్ల ఉద్యోగం. రెండు జట్లూ మనూళ్లో ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడతామన్నాయి" అన్నారు.

"మనూళ్లో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ?"

"సిమెంటు ఫ్యాక్టరీల్లో అంతమంది మలయాళీలూ బెంగాలీలూ ఉన్నారుగా. నువ్వు కట్టు, ఎవరొస్తారో చూద్దువుగాని."

నాకు నవ్వొచ్చింది. ఎడ్ల పందేలకు పోటెత్తే జనాన్ని చూసినవాణ్ణి, బంతాటకు వచ్చే జనం ఒక లెక్కా అనుకున్నాను.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. నిలువు పైపును స్టాండర్డ్ అంటాం, అడ్డ పైపును లెడ్జర్ అంటాం. ఏటవాలుగా బిగించే పైపు పేరు బ్రేసింగ్. బరువు మోసేది స్టాండర్డు. గ్యాలరీ పక్కలకు ఊగిపోకుండా పట్టి ఉంచేది బ్రేసింగు. పైపుల్ని కలిపే బిగింపులు క్లాంపులు. రెండు స్టాండర్డుల మధ్య జాగా ఒక గది. నాన్న కాలం నుంచీ మేం మూడు గదులకొక బ్రేసింగ్ వేసేవాళ్లం. కట్టాక పరీక్ష కూడా నాన్న పెట్టిందే. రైసు మిల్లు నుంచి వడ్ల బస్తాలు తెప్పించి, ఒక్కో భాగంలో మనిషి కూర్చునే చోటల్లా ఒక బస్తా పెట్టి ఒక పూట ఉంచుతాం. బస్తా డెబ్బై అయిదు కిలోలు. మామూలు మనిషి అంత తూగడు. పైపు కుంగక, చెక్క వంగక నిలిస్తే గ్యాలరీ పాసైనట్టు. చుట్టుపక్కల ఇంకెవరూ ఇంత జాగ్రత్త పడరని నాకు గర్వంగా కూడా ఉండేది.

జగ్గయ్యపేటలో తూర్పు గ్యాలరీ పది వరసలు, నాలుగు వందల మందికి కట్టాం. బస్తాల పరీక్షలో వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాన్న దగ్గర నుంచీ మాతో ఉన్న మా పెద్ద మేస్త్రీ మస్తాన్ బాబాయ్ చివరి బస్తా దింపించి, "ఏనుగులెక్కినా ఢోకా లేదబ్బాయ్" అన్నాడు.

మా ఆవిడ రమాదేవి పెళ్లయినప్పటి నుంచీ నా గ్యాలరీ ఒక్కటీ ఎక్కలేదు. "నిద్రలో కూడా క్లాంపులు బిగించానా లేదా అని కలవరించే మనిషి కట్టినవాటి మీద నేనెక్కను" అనేది. అలాంటిది ఆ ఏడాది టీవీలో ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు చెంచాలూ గ్లాసులూ పేర్చి చెప్పింది. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మ్యాచ్ రోజు పొద్దున్నే తయారై కూర్చుని, "ఇవాళ ఎక్కుతా. పై వరసే కావాలి, అక్కడైతే మైదానమంతా కనబడుద్ది" అంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మధ్యాహ్నం మూడింటికల్లా పెనుగంచిప్రోలు ఆటోలు, వత్సవాయి ట్రాక్టర్లు బారులు తీరాయి. తర్వాత ఫ్యాక్టరీల బస్సులు వచ్చాయి. వాటిలోంచి పసుపు చొక్కాలు వేసుకున్న ఆడా మగా దిగారు. మెడలో వేలాడేసుకుని కర్రలతో వాయించే పెద్ద చెండలు తెచ్చుకున్నారు. వాళ్లంతా తూర్పు గ్యాలరీ ఎక్కారు. మా ఆవిడ అప్పటికే పై వరసలో కూర్చుని ఉంది.

నేను జనాన్ని చాలా రకాలుగా చూశాను. ఎడ్ల పందెంలో బండ కదిలేదాకా జనం ఊపిరి బిగబడతారు. కదిలాక ఒక్క అరుపు అరిచి, తువ్వాళ్లు తిప్పి, మళ్లీ కూర్చుంటారు. రాజకీయ సభలో ఎవరో చెయ్యి ఊపితే చప్పట్లు కొడతారు. ఇక్కడ ఆట మొదలుకాక ముందే పాట మొదలైంది. బంతి ఎటు పోతున్నా, మనవాడు తన్నినా అవతలివాడు తన్నినా పాట ఆగలేదు. మాటలు మలయాళమో బెంగాలీయో నాకు తెలియలేదు. పది నిమిషాలకు మనూరి కాలేజీ పిల్లలు కూడా అదే వరసలో నోటికొచ్చిన తెలుగు కలిపేశారు. నాలుగు వందల గొంతులు ఒక్క గొంతైపోయాయి. నా వొంటిమీద రోమాలు లేచాయి. ఇంతకాలం జనం కోసం కడుతున్నానే గానీ జనం అంటే ఏమిటో ఇవాళే చూస్తున్నానా అనిపించింది.

వాళ్లను నడిపేవాడు ఒకడున్నాడు. పేరు బిజు, కేరళ మనిషి, ఫ్యాక్టరీలో ఫిట్టరు. గ్యాలరీ ముందు కడ్డీకి ఆనుకుని, ఆట వైపు వీపు పెట్టి, జనం వైపు తిరిగి చెండ వాయిస్తున్నాడు. నేను పక్కగా పోతూ, "ఆట చూడవా తమ్ముడూ?" అని అడిగాను.

"వీళ్ల మొఖాలు చూస్తే ఆట తెలుస్తుంది అన్నా" అన్నాడు, కర్ర ఆపకుండానే.

ఇరవయ్యో నిమిషం అయి ఉంటుంది. చెండ దెబ్బ మారింది. అందరూ లేచి ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, దెబ్బకొక గెంతు గెంతుతూ ఎడమకూ కుడికీ ఊగడం మొదలుపెట్టారు. పై వరసలో మా ఆవిడ కూడా, ముక్కూ మొహం తెలియని ఇద్దరాడవాళ్ల మధ్య, చీరకొంగు నడుముకు దోపుకుని గెంతుతోంది. నవ్వుకుంటూ చూస్తున్నాను. మస్తాన్ బాబాయ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని గ్యాలరీ కిందికి లాక్కెళ్లాడు.

కింద చెక్కల సందుల్లోంచి దుమ్ము రాలుతోంది. పైపులన్నీ కిర్రుమంటున్నాయి. జనం ఎడమకు ఊగితే కుడివైపు స్టాండర్డు నేల మీది బేస్ ప్లేటు నుంచి వేలు మందాన పైకి లేస్తోంది. కుడికి ఊగితే దిగి ఠంగుమంటోంది. ఒక బ్రేసింగ్ క్లాంపు నా కళ్ల ముందే పైపు మీద ఇంత పక్కకు జారింది.

"ఇన్నేళ్ల పనిలో ఇట్టాంటిది చూళ్లేదబ్బాయ్. కట్టింది బరువుకి. ఇది బరువు కాదు" అన్నాడు బాబాయ్.

ఏం తప్పు చేశానో అప్పుడు అర్థమైంది. నేను నాలుగు వందల బస్తాల కోసం గ్యాలరీ కట్టాను. బస్తా పెట్టిన చోట పడి ఉంటుంది. పాట వినదు, పక్క బస్తా భుజం మీద చెయ్యి వెయ్యదు. తాళానికి గెంతే జనం గ్యాలరీని పక్కకు తోస్తారని, ప్రతి తోపూ ముందుదాన్ని పెంచుతుందని నా బుర్రకు తట్టనే లేదు.

పరిగెత్తుకొచ్చిన సాంబశివరావు గారికి సంగతి చెప్పాను. "మైకులో చెప్పేద్దాం, అందర్నీ దిగమందాం" అంటూ మైకు వైపు అడుగేశారు. నేను అడ్డం పడ్డాను.

"వద్దండీ. కూలుతుందని వింటే అందరూ ఒక్కసారే మెట్ల మీద పడతారు. గ్యాలరీ కూలకముందే తొక్కిసలాటలో పోతారు."

"మరేం చేస్తావయ్యా?"

నాకు దారి ఒక్కటే కనబడింది. బిజు దగ్గరికి వెళ్లి అతని చెవిలో చెప్పాను. "తమ్ముడూ, ఈ గ్యాలరీ కట్టింది నేనే. తప్పు చేసా. ఇట్టా గెంతితే ఇది ఆగదు. ఎవరికీ తెలీకుండా వీళ్లను కూర్చోబెట్టి, వరసగా కిందికి దింపాలి. చెండ ఆపు."

అతను ఒక్కసారి నా మొహం చూశాడు. ఎందుకూ ఏమిటీ అని అడగలేదు. "ఒక్కసారి ఆపితే భయపడతారు అన్నా. ఆపను. తగ్గిస్తాను" అన్నాడు.

దెబ్బ నెమ్మదించింది. గెంతులూ నెమ్మదించాయి. అతను ఎడమ చెయ్యి చాచి అరచేతిని నేల వైపు దించుతూ, తానూ మోకాళ్ల మీద వంగాడు. మొదటి వరస వంగింది, రెండోది వంగింది. అలా కింది నుంచి పై దాకా నాలుగు వందల మందీ కూర్చున్నారు. పాట గుసగుసంత అయిపోయింది. నేను పట్టుకున్న కడ్డీ ఊగడం మానింది. కింద మస్తాన్ బాబాయ్ కుర్రాళ్లు అదనపు పైపులతో బ్రేసింగులు బిగిస్తున్న చప్పుడు నాకు వినబడుతోంది.

మెట్లు ముందువైపే ఉన్నాయి. కాబట్టి కింది వరస ముందు దిగాలి. పై వరస అన్నిటికంటే చివర. అక్కడ మా ఆవిడ ఉంది. ఈ మాట బిజుకి చెప్పలేదు. చెబితే మాత్రం వరస మారుతుందా?

అతను దాన్ని ఒక ఆట చేసేశాడు. రెండు దెబ్బలు కొట్టి ఒక వరసకు కర్ర చూపిస్తాడు. ఆ వరస లేచి, ముందువాళ్ల భుజాలు పట్టుకుని, పాడుకుంటూ మెట్లు దిగి, మైదానం అంచున తాడు వెనక నిలబడుతుంది. మిగతావాళ్లు కూర్చుని వేళ్లతో చప్పట్లు కొడతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వరసలు దిగాయి. నా చొక్కా తడిసి ముద్దయింది.

సరిగ్గా అప్పుడే గోల్ పడింది. పసుపు చొక్కాల జట్టుదే.

మైదానమంతా భూమి బద్దలైనట్టు అరిచింది. పడమటి వైపు జనం లేచారు, తాడు వెనకవాళ్లు గాల్లోకి ఎగిరారు. గ్యాలరీ మీద ఇంకా రెండు వందల పైచిలుకు ఉన్నారు. బిజు రెండు కర్రలూ తలపైన అడ్డంగా పట్టుకుని, కదలకుండా, వాళ్ల కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. వాళ్లు చేతులు పైకెత్తారు. గొంతులు చించుకున్నారు. ఒకామె ఏడుస్తోంది. ఒక్కరంటే ఒక్కరు కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

గోల్ కోసం ఇంతదూరం వచ్చినవాళ్లు, ఆ గోల్ పడ్డ క్షణాన, కారణమేమిటో తెలియకుండా, ఒక మనిషి పట్టుకున్న రెండు కర్రల మీద నమ్మకంతో అలా కూర్చుండిపోయారు. నేను రెండు చేతులూ జోడించాను. ఎవరికో నాకే తెలియదు.

పై వరస దిగింది. చివర మా ఆవిడ మొహమంతా చెమటతో, వెలిగిపోతూ వచ్చి, "ఏవండీ, గోల్ పడితే లేవనివ్వలేదు ఆయన. విచిత్రం చూడండి, నాకు లేవాలనిపించలేదు!" అంది. తర్వాత అందరూ తాడు వెనక నేల మీద చివరిదాకా గెంతారు. భూమి ఎంత గెంతినా పట్టించుకోదు. ఖాళీ గ్యాలరీ చుట్టూ తాడు కట్టించాను. ఆట అయ్యాక కమిటీ ముందు నిలబడి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. విప్పేటప్పుడు చూస్తే మూడు క్లాంపులు బొటనవేలంత జారి ఉన్నాయి.

బిజుకి దండం పెడితే చేతులు పట్టేసుకున్నాడు. "నన్ను నమ్మి నిజం చెప్పావు అన్నా. మైకులో చెప్పుంటే నా చెండ ఎవరు వింటారు?" అన్నాడు.

నందిగామకు వ్యానులో వస్తూ మా ఆవిడకు అంతా చెప్పాను. నాకు తిట్లు తప్పవనుకున్నాను.

"బస్తాలతో చూసారా?" అంది.

"చూసా."

"బస్తాలకేం సంతోషమొస్తుందండీ గెంతడానికి?"

నా వృత్తిలో నాకు ఇంత సూటిగా ఎవరూ పాఠం చెప్పలేదు. ఇప్పుడు ప్రతి గదికీ బ్రేసింగ్ వేస్తున్నాను. ఇంజినీరు చూసి సంతకం పెట్టందే జనాన్ని ఎక్కనివ్వను. పని అడగడానికి వచ్చినవాళ్లను ఎంతమంది వస్తారని కాదు, వచ్చి ఏం చేస్తారని ముందు అడుగుతున్నాను. బస్తాలు ఇప్పటికీ పెడతాను, నాన్న మీద గౌరవం కొద్దీ. అవి దింపేశాక అసలు పరీక్ష ఉంటుంది. రెండే వరసల ఎత్తున ఒక ముక్క కట్టి, మస్తాన్ బాబాయ్ రేకు డబ్బా మీద తాళం వేస్తుంటే మా పనివాళ్లందరూ భుజాలు పట్టుకుని గెంతుతారు. అందరికంటే ముందు ఎక్కి, చీరకొంగు నడుముకు దోపుకునేది మా ఆవిడే.